చట్టం వచ్చిన మరునాడు

(కర్నూలులో చేసిన ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం పాఠం)

 

శంకరన్ గారు 1934లో తమిళనాడులో పుట్టారు. 1957లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. సంపాదించిన దాంట్లో చాలా భాగం పేదపిల్లల చదువులకే ఇచ్చారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. జనం ఆయన్ని పేదల ఐఏఎస్ అన్నారు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఆయన్ని పొగుడుతూ పొద్దుపుచ్చితే ఆయనకే నచ్చదు. అందుకే ఆయన జీవితమంతా పట్టుకున్న పని గురించి మాట్లాడతాను. వెట్టిలో ఉన్న మనిషిని విడిపించడం, విడిపించాక గాలికి వదిలేయకుండా వెంట నిలబడడం ఆ పని. ఇందులో రెండో సగాన్ని లోకం తరచూ మరిచిపోతుంది. మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి ముందు అమెరికా కథ చెబుతాను. ఆ తర్వాత మన పత్తిచేలకు, మన కడప ఊళ్లకు వద్దాం.

గారిసన్, డగ్లస్

1831 జనవరి 1న బోస్టన్ నగరంలో విలియం లాయిడ్ గారిసన్ అనే పాతికేళ్ల ముద్రాపకుడు ‘లిబరేటర్’ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. బానిసత్వం మెల్లమెల్లగా పోవాలని కాదు, ఇప్పుడే పోవాలని అతని వాదం. మొదటి రోజుల్లో ఆ పత్రికకు చందాలు కట్టి నిలబెట్టింది ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లోని స్వేచ్ఛాజీవులైన నల్లవాళ్లే. 1833లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ బానిసత్వ వ్యతిరేక సంఘం ఏర్పడింది. 1835లో అదే బోస్టన్‌లో ఒక గుంపు గారిసన్ నడుముకు తాడు కట్టి వీధుల్లో ఈడ్చింది. అయినా పత్రిక ఆగలేదు. 35 ఏళ్లలో 1,820 సంచికలు వెలువడ్డాయి.

ఈ ఉద్యమాన్ని తెల్లవాళ్ల దయగా చెప్పుకునే అలవాటొకటి ఉంది. అది తప్పు. దాని ప్రాణం బానిసత్వంలోంచి బయటపడిన మనుషుల్లో ఉంది. ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండ్ రాష్ట్రంలో 1818లో బానిసగా పుట్టాడు. తన పుట్టినరోజేదో అతనికి తెలియదు. బాల్టిమోర్‌లో యజమానురాలు ముచ్చటపడి అక్షరాలు నేర్పబోతే యజమాని అడ్డుపడ్డాడు. చదువొస్తే బానిస చేతికి చిక్కడని హెచ్చరించాడు. తన విడుదలకు దారి ఎటుందో ఆ పిల్లవాడికి ఆ మాటతోనే తెలిసింది. తన వాటా రొట్టెముక్కలు వీధిలోని తెల్లపిల్లలకు ఇచ్చి వాళ్ల దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. 1838లో తప్పించుకున్నాడు. 1845లో స్వీయచరిత్ర అచ్చువేశాడు. పట్టుబడే ప్రమాదం ఉండి సముద్రం దాటి బ్రిటన్ వెళ్తే, అక్కడి మిత్రులు 711 డాలర్లు పోగుచేసి పాత యజమానికి చెల్లించి అతని పేర విడుదల పత్రం రాయించారు.

హారియట్ టబ్‌మన్ 1849లో తప్పించుకుంది. తన బతుకు తాను చూసుకుని ఊరుకోలేదు. చీకటి మాటున పదమూడుసార్ల దాకా వెనక్కి వెళ్లి డెబ్భైమంది వరకు బయటికి తెచ్చింది. అంతర్యుద్ధ కాలంలో, 1863 జూన్‌లో, దక్షిణ కరోలినాలోని కంబాహీ నది మీద సైనికులకు దారిచూపి ఒక్క రాత్రిలో ఏడువందల మందికి పైగా విముక్తి కలిగించింది. సోజర్నర్ ట్రూత్, గ్రిమ్కే అక్కచెల్లెళ్లు, లుక్రీషియా మాట్ సభల్లో ఆడవాళ్లు మాట్లాడకూడదన్న ఆంక్షను ధిక్కరిస్తూనే బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు.

1860 నాటికి ఆ దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన వచ్చింది. 1865 డిసెంబరులో బానిసత్వాన్ని రద్దుచేసే పదమూడో రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. ఈ రెంటికీ నడుమ, 1865 మే నెలలో, న్యూయార్క్‌లో జరిగిన బానిసత్వ వ్యతిరేక సంఘం సమావేశాన్ని మనవాళ్లు శ్రద్ధగా చదవాలి.

అప్పటికి యుద్ధం ముగిసింది. సవరణ ఆమోదం పొందడం ఖాయమని తేలిపోయింది. సంఘం పెట్టుకున్న లక్ష్యం నెరవేరింది కాబట్టి దాన్ని రద్దు చేద్దామని గారిసన్ ప్రతిపాదించాడు. సంఘంలోనే ఉన్న వెండెల్ ఫిలిప్స్, డగ్లస్ ఒప్పుకోలేదు. నల్లమనిషి చేతికి ఓటు రానంత వరకు బానిసత్వం పోయినట్టు కాదని డగ్లస్ వాదించాడు. పాత పాము కొత్త కుబుసంతో ఏ రూపాన వస్తుందో కాచుకుని ఉండాలన్నది ఆయన మాటల సారాంశం. ఓటింగు జరిగింది. గారిసన్ వైపు 48, వ్యతిరేకంగా 118. సంఘం ఇంకో ఐదేళ్లు పనిచేసి, నల్లవాళ్ల ఓటు హక్కుకు పూచీపడే పదిహేనో సవరణ వచ్చాక 1870లో ముగిసింది. గారిసన్ త్యాగం ముందు తల వంచాల్సిందే. ఈ ఒక్క ప్రశ్న మీద మాత్రం చరిత్ర డగ్లస్ పక్షానే తీర్పిచ్చింది. ఐదేళ్లు కూడా చాలలేదని తేలింది.

అప్పు అనే సంకెల

1865 జనవరిలో జనరల్ షెర్మన్ దక్షిణ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరంలో విముక్త కుటుంబాలకు 40 ఎకరాల దాకా భూమి కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిప్పేశాడు. భూమి పాత యజమానులకే చేరింది. కొత్త సంవత్సరం రాగానే ఎవరి దగ్గర పనికి కుదిరారో ప్రతి నల్లమనిషీ రాతపూర్వకంగా చూపాలని మిసిసిపి రాష్ట్రం చట్టం చేసింది. భూమి లేదు, చేతిలో గింజ లేదు. యజమాని దగ్గర కోరుకు దున్నడం, అంగట్లో అప్పు, పంట చేతికొచ్చాక లెక్కలో ఇంకా బాకీ. కొరడా పోయి పద్దుపుస్తకం వచ్చింది.

మన సీమవాళ్లకు బాగా అర్థమయ్యే కేసు ఒకటి చెబుతాను. అలబామాలో అలోంజో బెయిలీ అనే నల్లజాతి కూలీ ఒక సంస్థకు ఏడాది జీతానికి కుదిరాడు. నెలకు 12 డాలర్లు. ముందుగా 15 డాలర్లు అడ్వాన్సు తీసుకున్నాడు. కొన్నాళ్లు చేసి మానేశాడు. అడ్వాన్సు తీసుకుని పని మానేస్తే మోసం చేసినట్టే లెక్క అని ఆ రాష్ట్ర చట్టం. అతనికి శిక్ష పడింది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. బాకీ తీరేదాకా మనిషి చేత బలవంతంగా పనిచేయించడం పదమూడో సవరణకు విరుద్ధమని తేల్చింది. ఆ ఒక్క వాక్యం రావడానికి సవరణ తర్వాత 45 ఏళ్లు పట్టింది.

మన దేశంలో అలాంటి చట్టమే అప్పటికింకా బతికి ఉంది. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని వదిలితే జైలుకు పంపే 1859 నాటి చట్టం అది. 1925లో గానీ రద్దు కాలేదు. అంతకుముందు కథా ఇలాంటిదే. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసి, యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. బానిసలకు పైసా ఇవ్వలేదు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను ఆ చట్టం నుంచి మినహాయించింది. మనకు 1843లో వచ్చిన చట్టం, బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవని మాత్రం చెప్పింది. ఆ ముక్క ఊళ్లోకి వెళ్లి మాలపల్లెలో, మాదిగపల్లెలో చెప్పిన అధికారి లేడు.

నల్లరేగడి పత్తి

అమెరికా బానిసత్వాన్ని బలపరిచిన పంట పత్తి. 1793లో విట్నీ అనే అతను గింజలు తీసే యంత్రం కనిపెట్టాక దక్షిణాదిలో పత్తి విస్తరించింది, దానితోపాటు బానిసల సంఖ్యా పెరిగింది. ఆ పత్తిని కొనేది ఇంగ్లండు మిల్లులు. అందుకే బానిసల చేత పండించిన పత్తి బట్ట కట్టం, చక్కెర తినం అంటూ కొందరు ఒట్టు పెట్టుకున్నారు. గారిసన్ మిత్రుడైన ఆంగ్ల వక్త జార్జ్ థాంప్సన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఇండియాలో స్వేచ్ఛాకూలీలు పండించిన పత్తి మాంచెస్టర్‌కు చేరితే అమెరికా బానిస యజమాని నడ్డి విరుగుతుందని వాదించాడు. 1839లో లండన్‌లో బ్రిటిష్ ఇండియా సొసైటీ ఈ ఆశతోనే పుట్టింది. ఆ తర్వాత ద్వారకానాథ్ టాగూర్ వెంట థాంప్సన్ కలకత్తాకు వచ్చాడు.

ఆ ఆశ మన నేల మీద పెట్టుకున్నదే. నంద్యాల చుట్టుపక్కల పత్తిని వ్యాపారులు ‘నార్తర్న్స్’ అనేవారు. ఆదోని, బళ్లారి వైపు పత్తిని ‘వెస్టర్న్స్’ అనేవారు. 1861 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయి ఇక్కడ ధరలు చుక్కలనంటాయి. యుద్ధం ముగియగానే కుప్పకూలాయి. తర్వాత పదేళ్లకు, 1876–78లో, పెద్ద కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. మన పత్తి అమెరికా బానిసను విడిపిస్తుందని థాంప్సన్ కలగన్నాడు. ఆ పత్తి పండించిన మన జీతగాడు, అంటే అప్పుకు కట్టుబడిన పాలేరు, కూడా విడుదల కావాల్సిన మనిషేనన్న ఆలోచన మాత్రం ఆ సొసైటీ లెక్కలో లేదు. ఆ ఆలోచన మహారాష్ట్రలో జోతిరావు ఫూలేకు వచ్చింది. 1873లో తన ‘గులాంగిరి’ పుస్తకాన్ని, నల్లబానిసలను విడిపించడంలో చూపిన త్యాగానికి గుర్తుగా అమెరికా ప్రజలకు అంకితమిస్తూ, ఆ దారిని మన దేశం కూడా పట్టాలని కోరాడు.

శంకరన్ చేసిన పని

1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చాయి. దేశంలో ఏయే పేర్లతో ఈ పద్ధతి ఉందో ఆ చట్టమే జాబితా ఇచ్చింది. అందులో జీతం ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. చట్టం చాలా గట్టిది. వెట్టికి కారణమైన బాకీ ఆ క్షణాన్నే రద్దు. తాకట్టు పెట్టిన వస్తువు తిరిగి ఇచ్చేయాలి. విడుదలైన మనిషిని అతను ఉంటున్న గుడిసె నుంచి ఖాళీ చేయించకూడదు. ఇది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే, కూలీ కాదు. నేరానికి మూడేళ్ల దాకా జైలు. ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలి.

అప్పట్లో సాంఘిక సంక్షేమ శాఖ చూస్తున్న శంకరన్ ఈ చట్టాన్ని ఫైల్లో పెట్టి జిల్లాలకు సర్క్యులర్ పంపి ఊరుకోలేదు. స్వయంగా ఊళ్లకు వెళ్లారు. దళితవాడలో కూర్చుని, ‘మీ బాకీ పోయింది, మీరు రేపటి నుంచి పటేలు దొడ్లో పనికి పోనక్కర్లేదు’ అని జీతగాళ్లకు చెప్పారు. ఒక పెద్ద అధికారి నోట ఆ మాట వినడం ఆ మనుషులకు అదే మొదటిసారి. భూస్వాములకు కంటగింపయింది. ముఖ్యమంత్రి చెన్నారెడ్డికి నచ్చలేదు. శంకరన్ తన పద్ధతి మార్చుకోలేదు, సెలవు మీద వెళ్లారు. త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయన్ని పిలిపించుకుని చీఫ్ సెక్రటరీని చేశారు.

నాకు ఆయనలో గారిసన్ కన్నా డగ్లస్ ఎక్కువ కనిపిస్తాడు. మళ్లీ రాష్ట్రానికి వచ్చాక ఆయన పట్టుకున్నది గురుకుల పాఠశాలలు, హాస్టళ్లు, దళితులకు బడ్జెట్‌లో వాటా. ఉద్యోగ విరమణ తర్వాత పాకీపని నిర్మూలన కోసం బెజవాడ విల్సన్‌తో కలిసి నడిచారు. విడుదలైన జీతగాడి కొడుకు బడికి పోకపోతే మళ్లీ జీతానికే పోతాడని ఆయనకు తెలుసు.

పత్తిపూల మధ్య ఆడపిల్ల

పెద్దవాళ్లు అప్పు కింద జీతాలుండే పద్ధతి మన జిల్లాల్లో చాలా మటుకు తగ్గింది. తగ్గిన చోట ఏం వచ్చిందో చూడండి. 1990ల నుంచి నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు హైబ్రిడ్ పత్తివిత్తనం సాగు పెరిగింది. అందులో క్రాసింగ్ పని ఉంటుంది. మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట గోటితో వొలిచి, లోపలి పుప్పొడి తిత్తులను ఒక్కటి మిగలకుండా తీసేయాలి. కీలాగ్రం గీరుకుపోకూడదు. గుర్తుకు ఎర్ర కాగితం చుట్టాలి. తెల్లవారాక మగమొక్క పూవు తెచ్చి ఆ కీలాగ్రానికి రుద్దాలి. ఒక మగపూవుతో నాలుగైదు మొగ్గలకు సరిపెట్టాలి. సాలు చివరికి పోయి మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా దగ్గర దగ్గర మూడు నెలలు, ఒక్క రోజు కూడా ఆగకుండా. ఆగితే ఆ రోజు పూసిన పూలు దండగ.

ఈ పనికి ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలను పెట్టారు. వేళ్లు సన్నగా ఉంటాయని, వంగనక్కర్లేదని సాకు చెప్పారు. అసలు కారణం చవక. కరువుకాలంలో తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెడితే పిల్ల ఆ సీజనుకు ఆ చేనిదే. మందు కొట్టిన చేనులోనే పని, అక్కడే సద్దిమూట. దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా 2001లో ప్రచురించిన పరిశోధనలో, పాతకాలపు మగ జీతగాడి స్థానంలోకి ఈ ఆడపిల్ల వచ్చిందని చూపారు. విత్తనం కొనేది పెద్ద కంపెనీ, నడుమ ఆర్గనైజర్, కింద రైతు. కంపెనీ ఇచ్చే ధరలో పెద్దకూలీ గిట్టదని రైతు అనేవాడు. రైతు మాటలో కొంత నిజముంది. అందుకే బాధ్యత ధర నిర్ణయించినవాళ్ల మీదా ఉంటుంది.

ఇక్కడ ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని చెప్పుకోవాలి. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది శాంతా సిన్హా గారు నాయకత్వం వహించిన ఆ సంస్థ సూత్రం. వాళ్లు కర్నూలు జిల్లా ఊళ్లలో తల్లిదండ్రులను, యువకులను, సర్పంచులను కూర్చోబెట్టి మాట్లాడారు. యూరప్‌లోని సంఘాలు కంపెనీలను నిలదీశాయి. పిల్లలను పెట్టని రైతుకు విత్తనం మీద అదనపు ధర ఇచ్చే పద్ధతి వచ్చింది. పెద్దవాళ్ల చేత క్రాసింగ్ చేయించిన చేలు పండాయి. చిన్నవేళ్లు లేకపోతే పని జరగదన్న మాట అబద్ధమని తేలింది. పిల్లల సంఖ్య తగ్గింది. పూర్తిగా పోలేదు.

పశ్చిమాన కోసిగి, మంత్రాలయం, ఆదోని, పెద్దకడుబూరు మండలాల్లో కథ ఇంకో తీరు. వాన పోగానే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు మిరపచేలకు, బెంగళూరు కట్టడాలకు. ఇంటికి తాళం, బడిలో ఖాళీ బెంచీలు. పోయినవాళ్లంతా వెట్టివాళ్లని నేను అనను. అడ్వాన్సు తీసుకుని పోయి, లెక్క తేలేదాకా తిరిగి రాలేనివాళ్లు మాత్రం చట్టం కింద వెట్టివాళ్లే. 1982లో ఆసియాడ్ (ఆసియా క్రీడల) కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయేనని తీర్పిచ్చారు. ఆకలి కూడా బలవంతమేనన్నది ఆ తీర్పు సారం.

కడప నుంచి కువైట్

పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు వెళ్లండి. కువైట్ డబ్బుతో కట్టిన ఇళ్లు చాలా కనిపిస్తాయి. అది కష్టార్జితం, దాన్ని గౌరవించాలి. ఆ ఇళ్ల వెనుక ఖద్దామా వీసా మీద ఇంటిపనికి పోయిన ఆడవాళ్లున్నారు. అక్కడ కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, అనుమతి లేకుండా పని మారడానికి లేదు. పాస్‌పోర్టు గుంజుకుంటే ఇల్లు దాటడానికి లేదు. జీతం ఇవ్వలేదని బయటికొస్తే పారిపోయినట్టు కేసు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అందులో ఉన్నాయి. నాలుగు గోడల లోపలికి ఆ చట్టం పోయి చూసేదెవరు? ఇక్కడ ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీ పెరుగుతుంటే, అక్కడి తల్లి నోరు విప్పలేదు.

ఈ పోలికలో ఒక జాగ్రత్త అవసరం. అమెరికా బానిసను సంతలో నిలబెట్టి అమ్మారు, బిడ్డను తల్లి నుంచి వేరుచేసి అమ్మారు. ఆ ఘోరాన్ని మన కూలీ కష్టంతో సమానం చేసి చెప్పడం ఆ చనిపోయినవాళ్లకు అన్యాయం. నేను పోల్చేది బాధను కాదు, పద్ధతిని. కాగితం మీద స్వేచ్ఛ వచ్చాక కూడా భూమి, కూలి, చదువు చేతికి రాకపోతే, అప్పు అదే మనిషిని మళ్లీ అదే చేనికి తెచ్చి కట్టేస్తుంది. మిసిసిపిలో జరిగిందదే, నంద్యాలలో జరిగిందదే.

మనం చేయాల్సింది

ఇది విన్నవాళ్లు ఏం చేయాలో చెప్పకపోతే ఈ ఉపన్యాసం వృథా.

ఇక్కడున్న న్యాయవాదులను అడుగుతున్నాను. జిల్లా విజిలెన్స్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఏం తీర్మానించిందో సమాచార హక్కు కింద అడగండి. వెట్టి కేసు దొరికితే ఆర్డీవో దగ్గర విడుదల పత్రం చేతికి వచ్చేదాకా వదలకండి. 2016 పథకం ప్రకారం పునరావాస సాయం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. ఆ మొత్తాన్ని యజమాని మీద శిక్ష పడడంతో ముడిపెట్టారు. కేసు నీరుగారితే బాధితుడు రెండుసార్లు ఓడిపోతాడు. కాబట్టి కోర్టులో ఆ మనిషి పక్కన నిలబడడం మీ వంతు.

ఉపాధ్యాయులను అడుగుతున్నాను. ఆగస్టు నుంచి నవంబరు దాకా హాజరుపట్టీలో ఏ ఆడపిల్ల పేరు ఎదురుగా ఖాళీలు కనిపిస్తాయో మీకే ముందు తెలుస్తుంది. ఆ సాయంత్రమే ఆ ఇంటికి పోండి. సుగ్గికి పోయే పిల్లలకు సీజనల్ హాస్టలు తెరిచేదాకా అధికారులను అడుగుతూనే ఉండండి. డగ్లస్ రొట్టెముక్క ఇచ్చి కొనుక్కున్న అక్షరాలను మన పిల్లలకు ఉచితంగా ఇస్తామని 2009లో చట్టం చేశాం.

విద్యార్థులను అడుగుతున్నాను. మీలో కొందరు రేపు అధికారులవుతారు. శంకరన్ కూర్చున్న కుర్చీలాంటిదే మీకూ దొరుకుతుంది. ఫైలు మీద సంతకంతో పని ముగిసిందనుకోవద్దు. సంతకం పెట్టిన మరునాడు ఊరికి వెళ్లండి, ఏడాది తర్వాత మళ్లీ వెళ్లండి. ఆ మనిషి ఇప్పుడు ఎవరి చేనులో ఉన్నాడో, అతని బిడ్డ ఏ తరగతిలో ఉందో అడగండి.

చట్టం 1976 నుంచి మన చేతిలో ఉంది. దాన్ని ఊళ్లోకి నడిపించే మనుషులే తక్కువ. ఆ పనికి మీరు రండి.